నాచు ఊపిరి

మా బావ రేడియోలో చప్పుళ్లు చేసేవాడు. కాగితాల మీద ఆ ఉద్యోగానికి ఇంకేదో గొప్ప పేరుండేది గానీ, గేటు దగ్గర కాపలా మనిషి మొదలుకొని పై అంతస్తులో పెద్దాఫీసరు దాకా అందరూ ఆయన్ని చప్పుళ్లాయన అనే పిలిచేవాళ్లు. నాటకంలో తలుపు తెరుచుకోవాలన్నా, వాన కురవాలన్నా, దొంగ మెట్ల మీంచి దొర్లి చావాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. స్టూడియోలో ఒక మూల ఆయనకో బల్ల ఉండేది. అది చూస్తే పాత సామాన్ల కొట్టు గుర్తొచ్చేది. కొబ్బరి చిప్పలు, తుప్పు పట్టిన సొరుగు, గోనెసంచులు, ఇసుక పోసిన పళ్లెం. బిస్కెట్ పొట్లం కాగితం మైకు దగ్గర పెట్టి నలిపాడంటే ఊరు ఊరంతా తగలబడిపోతున్నట్టుండేది.

అలా ఊళ్లు తగలబెట్టే మనిషి ఇంట్లో అగ్గిపుల్ల గీయడానికి జంకేవాడు. తన నీడను చూసి తనే ఉలిక్కిపడే రకం. గ్యాసు కట్టేశామో లేదో అని వెళ్లి చూసి వచ్చి, కూర్చుని, మళ్లీ లేచి వెళ్లేవాడు. ఫోను మోగితే ముందు గోడకి ఆనుకుని ఆ తర్వాత ఎత్తేవాడు. "మీ బావకి భయం ఒక కసరత్తే చిన్నీ. అది చెయ్యకపోతే ఆయనకి తిన్నది అరగదు" అనేది మా అక్క.

నిజానికి ఆ భయాలన్నిటికీ వేరు మా అక్కే. ఆమెకి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. నెలలో సగం రోజులు బాగానే ఉండేది. ఉన్నట్టుండి ఒకరోజు గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. ఇక మంచం మీద దిండ్లు పేర్చుకుని, మోచేతులు మోకాళ్ల మీద ఆన్చి, గాలి కోసం వంగి కూర్చునేది. అప్పుడు మా బావ గుమ్మం దగ్గర నిలబడిపోయేవాడు. లోపలికి రాడు, బయటికి పోడు. ఆమె ఒక్కో ఊపిరీ తీసుకునేదాకా తనూ తీసుకునేవాడు కాదు.

అమ్మానాన్నలు పోయాక నేను వాళ్లింట్లోనే పెరిగాను. పగలు టైపు నేర్చుకునేదాన్ని, సాయంత్రాలు బావ పుణ్యమా అని రేడియో నాటకాల్లో చిన్నా చితకా వేషాలు వేసేదాన్ని. అందుకే ఈ సంగతులన్నీ నేను దగ్గరుండి చూశాను.

ఆ ఏడు మా స్టేషన్లో ఒక ధారావాహిక మొదలైంది. రాసింది ఒక రిటైరైన బోటనీ టీచరు. ఆవిణ్ణి అందరం టీచరమ్మ అనేవాళ్లం. సన్నగా, పొట్టిగా, గాలేస్తే ఎగిరిపోయేలా ఉండేది గానీ నోరు తెరిస్తే క్లాసులో వెనక బెంచీ కూడా నోరు మూసుకోవాల్సిందే. కథ ఇలా ఉంటుంది. భూమి పాడైపోయి కొంతమంది మనుషులు ఓడలో బయలుదేరి ఎక్కడో ఒక గోళం మీద దిగుతారు. అక్కడ చెట్టు లేదు, పిట్ట లేదు, పురుగు లేదు. అంతా నాచు. ఆ చివర నుంచి ఈ చివర దాకా పరుచుకున్న ఒకే ఒక్క నాచు. అది కదులుతుంది, ఊపిరి పీలుస్తుంది, వెచ్చదనం ఉన్న వైపు మెల్లిగా పాకుతుంది. ఓడ వెచ్చగా ఉంది కాబట్టి ఓడ వైపు పాకుతుంది. మనుషులు భయపడి గోకేస్తారు. తెల్లారేసరికి మళ్లీ వస్తుంది. నేను ఆ ఓడలో డాక్టర్ని. నా మాటలు వారానికి పట్టుమని పది కూడా ఉండేవి కావు.

నాటకం నడిపించే డైరెక్టరు గారికి ఈ కథ మొదట్లో తెగ నచ్చింది. భయం ఉంది, ఓడ ఉంది, కెప్టెన్ ఉన్నాడు. నాలుగు వారాలు గడిచేసరికి మాత్రం ఆయనకి తేడా కొట్టింది. ఒకరోజు టీ తాగుతూ అడిగేశాడు.

"టీచరమ్మగారూ, నాకర్థం కాక అడుగుతాను. ఇందులో విలన్ ఎవరు?"

"విలన్ ఎందుకండీ?"

"ఎందుకేమిటి? ఆ నాచు మనవాళ్ల పంట నేలని మింగేస్తోంది, ఓడ తలుపులకి పట్టేసింది. దాన్ని ఎప్పుడు చంపుతారు?"

"పంట నేల వాళ్లదెప్పుడైంది? నిన్నగాక మొన్న దిగారు. అది ఎన్ని లక్షల ఏళ్లుగా అక్కడుందో." టీచరమ్మ కప్పు బల్ల మీద పెట్టింది. "ఈ తరహా కథలు చిన్నప్పటి నుంచీ చదువుతున్నానండీ నేను. అన్నింట్లోనూ కొత్త గోళం అంటే ఖాళీ స్థలమే. మనం వెళ్లి పునాది తవ్వడమే తరువాయి. అక్కడున్నదేదైనా సరే మనకి పనికొస్తే సరుకు, అడ్డొస్తే రాక్షసి. అలా కాకుండా ఒక్క కథైనా రాద్దామని."

"బాగానే ఉందమ్మా. కానీ వినేవాళ్లు మనుషులు. డబ్బు పెట్టి రేడియో కొనుక్కునేది నాచు కాదు కదా."

అందరం నవ్వాం. టీచరమ్మ కూడా నవ్వింది గానీ, "వినేది మనుషులే కాబట్టే వాళ్లకి చెప్పాలండీ. నాచుకి చెప్పక్కర్లేదు" అంది. మా బావ మాత్రం ఏ పక్షానా మాట్లాడలేదు. ఆయన బాధ ఆయనది. ఆ వారం రాతప్రతిలో ఒక చోట టీచరమ్మ ఇలా రాసింది: 'ఇక్కడ మొదటిసారి నాచు ఊపిరి వినపడుతుంది.'

నాచు ఊపిరి ఎలా ఉంటుంది? బావ తడి గోనెసంచి పిండి చూశాడు. స్పాంజి నొక్కాడు. కాగితం సంచిలోకి గాలి ఊది వదిలాడు. తనే మైకు ముందు నిలబడి రొప్పాడు. అద్దం అవతల కూర్చున్న డైరెక్టరు గారు అన్నింటికీ తల అడ్డంగా ఊపాడు. "ఇది నాచు కాదు స్వామీ, సైకిలు పంపు. నాకు ఒళ్లు జలదరించాలి."

మర్నాడు మధ్యాహ్నం అక్కకి ఆయాసం ఎక్కువై, దిండ్లకి ఆనుకునే కునుకు తీస్తోంది. కూత సన్నగా లేచి, పైకెళ్లి, అక్కడ తెగిపోయినట్టు ఆగి, మళ్లీ కిందకి దిగుతోంది. బావ ఎప్పట్లాగే గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి ఆయన మొహంలో భయంతో పాటు ఇంకేదో కనిపించింది నాకు. పనివాడికి కావలసిన కొలత దొరికినప్పటి చూపు అది. ఆ చూపుకి ఆయనే సిగ్గుపడి చప్పున వంటింట్లోకి వెళ్లిపోయాడు.

సాయంత్రం నసుగుతూ నసుగుతూ అడిగాడు. అక్క పగలబడి నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది.

"ఇన్నాళ్లకి నా పిల్లికూతలకి గిరాకీ వచ్చిందన్నమాట. తీసుకోండి. మీ నాటకంలో నా పేరు చెప్పిస్తారా?"

"నీ పేరెందుకు వస్తుంది, నువ్వు నాచువి కదా" అన్నాను నేను.

"నాచునైతేనేం. మీ కెప్టెన్ కంటే గొప్పదాన్నే. ఆ వేషం వేసే ఆయన బ్యాంకులో గుమాస్తా."

బావ చేతిపెట్టె లాంటి టేపురికార్డరు తెచ్చి ఆమె పక్కన పెట్టి చాలాసేపు ఆ ఊపిరిని టేపు మీదికి ఎక్కించాడు. దాన్ని స్టూడియోలో వేగం తగ్గించి వినిపించాడు. అది మనిషిది అని చెప్పినా ఎవరూ నమ్మరు. కొండ లోపల ఎవరో నిద్రలో మూలుగుతున్నట్టుంది. పైకి లేచిన కూత అంచున ఒక్క క్షణం ఆగినప్పుడు, మళ్లీ వస్తుందో రాదోనని మన గుండె కూడా ఆగుతుంది. డైరెక్టరు గారు చేతి మీద లేచిన రోమాలు అందరికీ చూపించాడు. "ఎక్కడ పట్టారండీ దీన్ని?" అంటే బావ "ఇంట్లో" అని మాత్రం అన్నాడు.

ఆ ఊపిరి ప్రసారమైన వారం నుంచీ మా నాటకం దశ తిరిగింది. ఆ వేళకి వీధిలో పిల్లలు కనిపించేవాళ్లు కాదు. మా ఎదురింటి ఆవిడ "మా వాడు నాచు వస్తుందని స్నానాల గదిలోకి వెళ్లనంటున్నాడు, ఏం చెయ్యమంటావమ్మా?" అని నా మీదే దండయాత్రకు వచ్చింది. అక్క అదంతా విని మురిసిపోయేది. రేడియో ముందు కూర్చుని తన ఊపిరి రాగానే "ఇదిగో, వచ్చాను" అనేది.

ఒకవారం అనలేదు. కథలో ఓడ లోపల పడుకున్న పాపాయి ఉయ్యాల దాకా నాచు పాకి వస్తుంది. చీకట్లో మాటలేమీ లేవు, ఊపిరి ఒక్కటే. అక్క చెయ్యి చాచి రేడియో కట్టేసింది.

"ఏమైందక్కా?"

"అది నేనేనా?"

"నువ్వే కదా."

"నేనింత భయంగా ఉంటానా?" అని బావ వైపు తిరిగింది. "మీకు రోజూ ఇదేనా వినపడేది?"

బావ ఏదో సర్దిచెప్పబోయి, వెళ్లి గ్యాసు కట్టేసి ఉందో లేదో చూసొచ్చాడు. ఆ రోజు నుంచీ అక్క తన ఊపిరి తను వినడం మొదలుపెట్టింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి తల ఒక పక్కకి వంచేది. అంతకు ముందు ఆ ఇంట్లో భయం ఒక్కరికే ఉండేది. ఇప్పుడు ముగ్గురికీ అయింది.

మాది కింది వాటా. పడకగది వెనక గోడకి పైవాళ్ల నీళ్లగొట్టం ఆనుకుని పోయేది. అది ఎక్కడో లోపలే కారేది. సున్నం ఉబ్బి, పెచ్చులూడి, మూలన నల్ల బూజు పట్టింది. మేం దాన్ని ఏళ్ల తరబడి చూస్తున్నాం కాబట్టి చూడ్డం మానేశాం. మందు మార్పించుకుందామని వెళ్లినప్పుడు కొత్త డాక్టరు మందుల సంగతి తర్వాత మాట్లాడదామని, పడుకునే గది ఎలా ఉంటుందని అడిగాడు. మేం చెప్పింది విని, "మందు ఎంత పోసినా ఏం లాభమమ్మా, ఆ గోడ పక్కనే పడుకుంటే? ముందు గది మార్చండి" అన్నాడు.

ఇంటికొచ్చాక బావ మంచం పక్కకి జరిపి ఆ గోడని చూశాడు. నేనూ చూశాను. మంచం వెనక మేమెరుగని రాజ్యం ఒకటి ఉంది. నలుపు, దాని అంచున ఆకుపచ్చ, ఆ అంచు నుంచి వేళ్లలాగా సన్నటి పాయలు అక్క తల ఆనించే చోటు దాకా వచ్చి ఉన్నాయి. నాటకంలో నా మాటే గుర్తొచ్చింది నాకు: 'కెప్టెన్, ఇది మన వెచ్చదనం కోసం వస్తోంది.' 

మరుసటి ఆదివారం బావ ఆ గోడ మీదికి యుద్ధానికి వెళ్లాడు. ఆయనకి అంత కోపం రాగలదని నాకు అప్పటిదాకా తెలియదు. మొహానికి తువ్వాలు కట్టుకుని, ఇనప రేకు తీసుకుని గోకడం మొదలుపెట్టాడు. పెచ్చులు రాలాయి, వాటితో నల్లటి దుమ్ము లేచింది. గది మార్చమన్న డాక్టరు గోకమని చెప్పలేదు. నేను ఆ మాట అన్నాను కూడా.

"గది మార్చినా అది ఇక్కడే ఉంటుంది కదా చిన్నీ. ఇక్కడుంటే అక్కడికీ వస్తుంది" అన్నాడు, రేకు ఆపకుండా.

అక్కని ముందు గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాను. నేను చెత్త పారబొయ్యడానికి వీధిలోకి వెళ్లాను. ఆ కాస్త సమయంలో ఆమె, పొద్దున్నుంచీ ఏమీ తాగలేదు పాపం అనుకుని, ఆయనకి టీ కలిపి తీసుకెళ్లింది. మొహానికి ఏమీ కట్టుకోలేదు. నేను తిరిగొచ్చేసరికి టీ గ్లాసు నేల మీద పగిలి ఉంది. అక్క తలుపు రెక్క పట్టుకుని వంగిపోయి ఉంది. కూత కూడా లేదు. పిల్లికూత ఉన్నంతసేపూ గాలి ఆడుతోందన్న ధీమా ఉంటుంది మనకి. ఇప్పుడదీ లేదు. పెదాలు నీలంగా అయ్యాయి. బావ ఆమెని రెండు చేతులా ఎత్తుకుని, మొహాన తువ్వాలుతోనే, చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తాడు. మా వీధి చివర ఆగి ఉన్న కూరగాయల వ్యాను అతను బుట్టలు కింద పడేసి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. దారిలో నేను చేసిందల్లా ఆమె ఛాతీ కేసి చూడ్డమే.

ఆస్పత్రిలో మాస్కు పెట్టారు. ఇంజెక్షన్లు ఇచ్చారు. ప్రాణం దక్కింది గానీ గండం గడిచిందని చెప్పలేమన్నారు. బావ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని తన చేతులు చూసుకునేవాడు. గోళ్ల సందుల్లో ఆ నలుపు ఇంకా ఉంది. ఎన్నిసార్లు కడిగినా పోలేదు.

"దానికి మీ అక్క మీద పగేమీ లేదే. దాని బతుకు అది బతుకుతోంది. నేనే లేపాను" అన్నాడు నాతో.

"ఊరుకో బావా. ఇప్పుడవన్నీ ఎందుకు."

"లేపింది నేనే."

సరిగ్గా ఆ వారమే నాటకం చివరి భాగం. గిరాకీ పెరిగింది కదా అని పెద్దాఫీసరు దాన్ని ముందుగా రికార్డు చెయ్యకుండా నేరుగా ప్రసారం చెయ్యాలన్నాడు. తప్పు పడితే దిద్దుకునే వీలు లేదు. ముగింపు మీద డైరెక్టరు గారికీ టీచరమ్మకీ పెద్ద గొడవే అయింది. టీచరమ్మ రాసిన ముగింపులో మనుషులు ఓడ ఎక్కి తిరిగి వెళ్లిపోతారు. ఎక్కడికో తెలియదు. డైరెక్టరు గారు దాన్ని కొట్టేసి తనే రాసుకున్నాడు. కెప్టెన్ నాచుకి నిప్పు పెట్టిస్తాడు. మంట పెరుగుతుంది, నాచు ఊపిరి నెమ్మదిస్తుంది, ఆగిపోతుంది. కాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో కెప్టెన్ 'అయిపోయింది. ఇక ఈ నేల మనది' అంటాడు. పసిపిల్ల నవ్వుతో ముగుస్తుంది.

"జనం ఇన్ని వారాలు భయపడ్డారండీ. ఆ భయం తీర్చి పంపాలి కదా. ఇంటికి చుట్టాన్ని పిలిచి అన్నం పెట్టకుండా పంపిస్తామా?" అన్నాడాయన. అందులోనూ నిజం లేకపోలేదు. ఎదురింటి ఆవిడ కొడుకు ఇంకా స్నానాల గదిలోకి వెళ్లడం లేదు.

"ఒక లోకాన్ని మొత్తం చంపి, దాన్ని మంచి ముగింపు అంటున్నారు మీరు" అంది టీచరమ్మ. అయినా ఆవిడ మాట నెగ్గలేదు.

ప్రసారం రోజు సాయంత్రం ఆస్పత్రి నుంచి ఇద్దరం తిన్నగా స్టేషనుకే వచ్చాం. రావడానికి బావ ఒప్పుకోలేదు. అక్కే మాస్కు పక్కకి జరిపి, "వెళ్లండి. మీరు లేకపోతే నన్నెవరు ఆడిస్తారు?" అని పంపింది. మాస్కు తీసినందుకు నర్సు ఆమెని కోప్పడింది. మేం బయలుదేరేటప్పుడు ఆమె కళ్లు మూసుకుని ఉంది. నిద్రో, మగతో తెలియలేదు.

స్టూడియో తలుపు మీద ఎర్ర బల్బు వెలిగింది. బావ బల్ల దగ్గర నిలబడ్డాడు. ఎడమ చేతిలో బిస్కెట్ కాగితం, కుడి చేతి కింద టేపు యంత్రం మీట. టేపులో అక్క ఊపిరి తిరుగుతోంది. ఆయన మెడ మీద చెమట ధారలు కట్టింది. అద్దం అవతల డైరెక్టరు గారు, ఆయన వెనక కుర్చీలో ముడుచుకుని టీచరమ్మ. అన్నీ సవ్యంగానే నడిచాయి. నా మాటలు నేను చెప్పేసి మైకు నుంచి వెనక్కి జరిగాను. కెప్టెన్ "నిప్పు పెట్టండి" అన్నాడు. కాగితం నలిగింది. మంట లేచింది. మంటలో ఊపిరి.

డైరెక్టరు గారు చెయ్యి ఎత్తి మెల్లిగా దించాడు. ఊపిరి తగ్గించమని సైగ.

బావ మీట వైపు చూశాడు. వేళ్లు దాని మీదే ఉన్నాయి. కదల్లేదు. డైరెక్టరు గారు మళ్లీ సైగ చేశాడు, ఈసారి గట్టిగా, చెయ్యి బల్లకి కొట్టినంత పని చేశాడు. బావ మొహం చూశాను నేను. పాలిపోయి ఉంది. ఆస్పత్రిలో స్టూలు మీద కూర్చున్నప్పటి మొహమే అది. ఆయన ఎడమ చెయ్యి కాగితాన్ని నలపడం మరిచిపోయింది. మంట ఆరిపోయింది. ఊపిరి మాత్రం అలాగే ఉంది. పైకి లేస్తోంది, అంచున ఆగుతోంది, దిగుతోంది.

రేడియోల దగ్గర కూర్చున్నవాళ్లకి వినపడిందదే. మంట ఆగింది, నాచు బతికే ఉంది.

కెప్టెన్ తన చేతిలో కాగితం కేసి చూశాడు. 'అయిపోయింది' అని ఎలా అంటాడు, అవ్వందే? అతను నోరు తెరిచి మూశాడు. ఆ ఖాళీ ఎంతసేపుందో నాకు తెలియదు. నాకు మాత్రం బావ ఇప్పుడా మీట దించితే, అక్కడ మంచం మీద ఏదో అయిపోతుందనిపించింది. పిచ్చి అని తెలుసు. తెలిసి కూడా మైకు దగ్గరికి వెళ్లాను.

"కెప్టెన్, ఇంకా ఊపిరి ఆడుతోంది" అన్నాను.

అతను నా కేసి మిడిగుడ్లేసుకుని చూశాడు. బ్యాంకులో గుమాస్తానే గానీ మంచి నటుడు.

"వింటున్నాను డాక్టర్. మంట ఆపమన్నదెవరు?"

"ఎవరూ అనలేదు. చెయ్యి రాలేదు."

ఊపిరి ఒకసారి పైకెళ్లి దిగింది.

"అయితే మనం ఎక్కడికి పోవాలి?" అన్నాడతను. ఆ భయం నటన కాదనే నా నమ్మకం.

"తెలీదు" అన్నాను.

అక్కడితో వేళ అయిపోయింది. వార్తలు చదివే ఆవిడ ఆ ఊపిరి మీదే ధారావాహిక ముగిసిందని చెప్పేసింది. ఎర్ర బల్బు ఆరింది.

డైరెక్టరు గారికి అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపు తోసుకుని వచ్చి, నన్నూ బావనీ కలిపి కడిగేశాడు. బావ కాగితం ఉండ బల్ల మీద పెట్టి, "ఆస్పత్రికి వెళ్లాలండీ" అన్నాడు, సెలవు అడుగుతున్నట్టు. జవాబు కోసం ఆగలేదు.

వార్డు దాకా పరిగెత్తాం.  అక్క దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. నర్సుల బల్ల మీద చిన్న రేడియో ఉంది. మమ్మల్ని చూసి మాస్కు జరిపింది.

"ఆపేస్తారేమోనని నేనూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఈ నర్సమ్మ తిట్టింది" అంది.

బావ మంచం పట్టీ పట్టుకుని అక్కడే కింద కూలబడ్డాడు.

ఆ తర్వాత ఆయన్ని చప్పుళ్ల పని నుంచి తప్పించి టేపులు దాచే గదికి మార్చారు. నన్ను మళ్లీ నాటకాలకి పిలవలేదు. వినేవాళ్లు రెండు వర్గాలైపోయారు. ఇంతకీ మనుషులు ఏమయ్యారు, చెప్పకుండా మోసం చేశారని కొందరు, అదే సరైన ముగింపని కొందరు. మేం ఇల్లు మారాం. మూడో అంతస్తులో, ఎండ తగిలే గదులు. మెట్లు ఎక్కడం అక్కకి కష్టమే గానీ గోడలు పొడిగా ఉండేవి.

ఒకరోజు టీచరమ్మ ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చింది. తనూ బావా కూడబలుక్కుని చేశారని డైరెక్టరు గారు అంటున్నాడని నవ్వుతూ చెప్పింది. ఆవిడ కళ్లల్లో మెరుపుంది.

"నా కథని అర్థం చేసుకున్నది మీరొక్కరే. నాచుని చంపడానికి మీకు చెయ్యి రాలేదు చూశారా" అంది.

బావ ఇబ్బందిగా కదిలాడు. అబద్ధం చెప్పడానికీ ఆయనకి భయమే.

"ఏమనుకోకండమ్మా. నాకు నాచు గుర్తులేదండీ అప్పుడు. మా ఆవిడే గుర్తుంది. అది నిజంగా నాచు చప్పుడే అయ్యుంటే, గోనెసంచో స్పాంజో అయ్యుంటే, చెప్పినట్టు ఆపేసేవాణ్ణి. గోడ మీది దాన్ని గోకినట్టే."

టీచరమ్మ మొహంలో మెరుపు తగ్గింది. 

"అయితే మీరు డైరెక్టరు గారి పక్షమే అన్నమాట."

"నాది ఏ పక్షమూ కాదండీ. భయపడ్డాను, అంతే."

అక్క లోపలి నుంచి టీ తెచ్చి ఆవిడ చేతికిచ్చింది. టీచరమ్మ గ్లాసు అందుకుని, అక్క ఊపిరి విని, ఒక్కసారి ఉలిక్కిపడింది. వేగం వేరైనా, పైకి లేచి అంచున ఆగే ఆ ఊపిరి ఆవిడకి బాగా తెలుసు. ఎవరిదో మాత్రం ఆ రోజే తెలిసింది. "మీరా" అంది మెల్లిగా. ఇక కథ గురించి మాట్లాడలేదు. అక్క చెయ్యి పట్టుకుని కూర్చుని, మందులేం వాడుతున్నారని అడిగింది. వెళ్లేటప్పుడు మెట్ల దాకా సాగనంపిన నాతో, "మనకి కావలసిన మనిషి ఊపిరి అందులో వినపడితే గానీ చెయ్యి ఆగదని, ఎన్నేళ్లు రాసినా నాకు తట్టలేదమ్మా" అంది. 

బావ రిటైరయ్యేదాకా టేపుల గదిలోనే పనిచేశాడు. అక్కడ చప్పుడుండదు, హాయిగా ఉంది అనేవాడు. ఇంట్లో మాత్రం చప్పుడు కావాలి ఆయనకి. ఒక మధ్యాహ్నం కుర్చీలో కునుకుపట్టి లేచేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అక్క మంచం ఖాళీ. వంటింట్లో లేదు. నేను బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాను. "మీ అక్కేదీ?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా తలుపు తీసుకుని మెట్ల మీదికి పరిగెత్తాడు.

ఆమె సబ్బులు కొనుక్కోవడానికి కింది కొట్టుకి వెళ్లింది. రెండో అంతస్తు మలుపులో సంచి పట్టుకుని ఎక్కివస్తూ ఆయనకి ఎదురుపడింది.

"ఎక్కడికండీ, చెప్పులైనా లేకుండా?"

"నీకోసమే."

"చెప్పి వెళ్దామంటే నిద్రపోతున్నారు. లేపితే మళ్లీ హడలిపోతారు" అంది అక్క, రొప్పుతూ. మూడో అంతస్తు ఇంకా ఉంది. ఆమె మెట్టు మీద కూర్చుంది. ఆయనా పక్కన కూర్చుని సంచి తన ఒళ్లోకి తీసుకున్నాడు. పై వాటా వాళ్లు దిగుతూ దారి ఇమ్మంటే ఇద్దరూ గోడ వైపు ఒద్దికగా జరిగారు. నేను పై నుంచి రెయిలింగు పట్టుకుని చూస్తూ, ఆమె ఆయాసం తగ్గేదాకా అక్కడే నిలబడ్డాను.